జాకెట్ల డబ్బుతో టెలిస్కోప్ కొనుక్కోవచ్చా?

కావలి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. కుదించి చెబుతున్నాను.

ఆవిడకు 39 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు, చుడీదార్లు కుడతారు. భర్త రొయ్యల మేత కంపెనీలో సూపర్‌వైజర్, పగలంతా గుంటల మీదే ఉంటారు. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. కొడుకు తొమ్మిదో తరగతి. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగినప్పుడు ఆ పిల్లాడికి ఆకాశం పిచ్చి పట్టుకుంటే, ఆన్‌లైన్లో ఆరు వేలు పెట్టి ఒక టెలిస్కోప్ తెప్పించారు. పెట్టె మీద ‘525 రెట్లు’ అని పెద్దక్షరాలు. మొదటి రాత్రి ఇంటిల్లిపాదీ మేడెక్కారు. నలభై నిమిషాలు తిప్పినా ఏమీ దొరకలేదు. దొరికిన ఒక్క చుక్కా వణుకుతూ పక్కకి జారిపోయింది. చివరికి చందమామ చిక్కితే తలకిందులుగా ఉంది. “పాడైన ముక్క పంపించారు” అని భర్త తేల్చేశారు. వారం తిరక్కుండానే అది అటకెక్కింది.

పోయిన వేసవిలో పెళ్లి జాకెట్ల పని ముగించుకుని, రాత్రి పదిన్నరకి ఆరేసిన బట్టలు తీయడానికి ఆవిడ మేడెక్కారు. పడమట సగం చందమామ వాలుతోంది. ఏం తోచిందో, కిందికొచ్చి అటక మీది గొట్టం దించి, మిగతా లెన్సులన్నీ పక్కన పెట్టేసి 20 అని రాసి ఉన్నది ఒక్కటే తగిలించి చూశారు. “అంచు వెంబడి గుంటలు కుట్టు గుర్తుల్లాగా వరసగా ఉన్నాయండీ. చెయ్యి పెడితే తగులుతాయనిపించింది. అరగంట కదల్లేదు” అని రాశారు. అప్పట్నించి వారానికి ఒకటి రెండుసార్లు మేడెక్కుతున్నారు.

ఇప్పుడు నెలకు రెండు వేల చొప్పున ఇరవై నెలలు కట్టిన చీటీ చేతికొచ్చింది. నలభై వేలు, అంతా మిషన్ మీద సంపాదించిందే. దాంతో మంచి టెలిస్కోప్ కొనుక్కోవాలని ఆవిడ కోరిక. “ముందు కొన్నదే అటక మీద ఉంది, దీన్నీ అక్కడే పెడతావు, ఆ డబ్బుకి ఫ్రిజ్ మారుద్దాం” అని భర్త. “అర్ధరాత్రి ఆడదానికి మేడ మీద ఏం పని” అని అత్తగారు. వీటికి మించి ఇంకొకటి జరిగింది. పక్కింటాయన వీళ్ల అబ్బాయిని పిలిచి, “మా మేడవైపు పెట్టి ఏం చూస్తున్నావురా” అని అడిగారట. ఆ ఇంట్లో కాలేజీకి వెళ్లే ఆడపిల్లలు ఇద్దరున్నారు. పిల్లాడు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

కొనడం తప్పా? కొంటే ఏది కొనాలి? పక్కింటివాళ్లకి ఏం చెప్పాలి? ఇవీ ఆవిడ ప్రశ్నలు. పాత టెలిస్కోప్ ఫొటో, మేడ ఫొటో జతచేశారు.

అమ్మా,

“కుట్టు గుర్తుల్లాగా” అన్న మాట చదివి నేను ఉత్తరం పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాను. చందమామ మీద వెలుగూ చీకటీ కలిసే చోట గుంటల గోడల నీడలు పొడుగ్గా పడతాయి. మీరు చూసింది దాన్నే. పున్నమి నాడు సూర్యుడి వెలుగు నిటారుగా పడుతుంది కాబట్టి ఆ నీడలేవీ ఉండవు. చాలామంది పున్నమి చంద్రుణ్ణి చూసి, కళ్లు జిగేలుమన్నాయని చెప్పి దిగిపోతారు. మీకు సగం చంద్రుడు చిక్కడం అదృష్టం. 20 ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) ఒక్కటే ఉంచుకోవడం మాత్రం మీ తెలివే.

ఎందుకో చెబుతాను. ఫొటోలో గొట్టం మీద 76, 700 అని రెండు అంకెలున్నాయి. 76 మిల్లీమీటర్లు అద్దం వెడల్పు. 700 ఫోకల్ లెంత్, అంటే అద్దం వెలుగుని ఎంత దూరంలో ఒకచోటికి చేరుస్తుందో ఆ దూరం. 700ని ఐపీస్ మీది అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 20 పెడితే 35 రెట్లు. 4 పెడితే 175. దానికి తోడు బొమ్మని ఇంకో మూడు రెట్లు పెంచే ఆ బార్లో లెన్స్ తగిలిస్తే 525. లెక్క ప్రకారం పెట్టె మీద రాసింది నిజమే. కాకపోతే అద్దం ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు వరకే పెంచుకోవడంలో అర్థముంది. మీ దానికి 150 దగ్గర హద్దు. ఆపైన మసకే పెద్దదవుతుంది. జాకెట్ ముక్కని ఎంత సాగదీసినా లంగా రాదు కదా.

పైగా భూమి తిరుగుతోంది. 175 రెట్ల దగ్గర కంటికి కనిపించే ఆకాశం చిన్న ముక్క, అందులో చుక్క ఈ అంచున దూరి ఆ అంచున పోవడానికి నిమిషం పడుతుంది. 525 దగ్గర ఇరవై సెకన్లే. దానికి తోడు పుల్లల్లాంటి కాళ్లు. ఆ మొదటి రాత్రి మీకేమీ కనిపించకపోవడంలో వింతేం లేదు. ఇంక తలకిందులంటారా, అద్దంతో పనిచేసే టెలిస్కోప్‌ని న్యూటన్ 1668లో చేసినప్పటినుంచీ ఈ రకంలో బొమ్మ తిరగబడే కనిపిస్తుంది. ఆకాశంలో పైకీ కిందికీ తేడా లేదు గనక ఎవరూ దాన్ని సరిచేసే పని పెట్టుకోలేదు. మీవారికి ఈ ఒక్క ముక్క చెప్పండి. ముక్క పాడైనది కాదు, దాని కాళ్లే బలహీనం.

గెలీలియో 1610 జనవరి 7న గురుడి పక్కన చిన్న చుక్కల్ని చూసి ఆశ్చర్యపోయినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఇరవై రెట్లకు అటూఇటూగా ఉండే గొట్టం. మీ 35 అంతకన్నా ఎక్కువే.

కాబట్టి కొత్తది కొన్నా కొనకపోయినా ముందు పాతదాన్ని దారిలో పెట్టండి, పెద్ద ఖర్చేం కాదు. ట్రైపాడ్ కాళ్లు బయటికి లాగకండి. పొట్టిగానే ఉంచి, పక్కలకి పూర్తిగా విప్పి, మీరు స్టూలు మీద కూర్చుని చూడండి. మూడు కాళ్ల మధ్య రెండు లీటర్ల నీళ్ల బాటిల్ సంచిలో పెట్టి వేలాడదీయండి, వణుకు బాగా తగ్గుతుంది. ఫైండర్ అని పైన చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని పగలే సరిచేసుకోవాలి. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసని పెద్ద గొట్టంలో నడిమధ్యకి తెచ్చి, ఫైండర్‌లోని గీతలు కూడా అదే కొస మీదికి వచ్చేదాకా దాని మరలు తిప్పాలి. మొదటి రాత్రి మీరు నలభై నిమిషాలు వెతికింది ఇది చేయనందుకే. (పక్కింటివైపు టవర్ వద్దు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.) 4 ఐపీస్‌నీ బార్లోనీ ఒక డబ్బాలో వేసి మూతపెట్టేయండి. ఇంకా ఉత్సాహముంటే 25 మిల్లీమీటర్ల ప్లాసల్ రకం ఐపీస్ ఒకటి కొనండి. ముందుగా మీ గొట్టంలో ఐపీస్ దూరే రంధ్రం వెడల్పు టేపు పెట్టి కొలవండి. 31 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటే ఇప్పుడు దొరికే మామూలు ఐపీసులు చాలావరకు పడతాయి, రేపు కొత్త టెలిస్కోప్ కొన్నా ఇదే దానికీ పనికొస్తుంది. 24 దగ్గరుంటే అది పాత కొలత, దాని మీద డబ్బు పెట్టకండి.

ఆ పెట్టెలో ‘సన్’ అని రాసిన చిన్న నల్లటి గాజు, ఐపీస్‌కి బిగించేది, ఉందేమో చూడండి. ఉంటే ఇవాళే సుత్తితో పగలగొట్టి చెత్తలో వేయండి. అద్దం కూడగట్టిన ఎండ వేడికి అది చూస్తుండగానే చిట్లిపోతుంది, ఆ క్షణాన కన్ను అక్కడే ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లాడున్న ఇల్లు. పగటిపూట సూర్యుడివైపు ఆ గొట్టం తిప్పకూడదని అతనికి ఒకసారి కోపంగానే చెప్పండి.

ఇక కొనడం తప్పా అన్న ప్రశ్న. మీవారు అన్నదాంట్లో సగం న్యాయముంది. ఆయన ఆకాశాన్ని తప్పుపట్టలేదు, అటకని చూపించారు, అంతే. ఆయన కళ్లతో చూస్తే ఆరు వేలు ఒకసారి పోయాయి, ఇప్పుడు నలభై పోబోతున్నాయి. మీరు పదకొండింటికి ఒక్కరే మేడెక్కి చూసినవేవీ ఆయన చూడలేదు. మిగతా సగం మాత్రం నేను ఒప్పుకోను. ఇరవై నెలలు మిషన్ తొక్కి కట్టిన చీటీలో కొంతైనా మీ ఇష్టానికి ఖర్చుపెట్టుకోవడానికి ఎవరి అనుమతి లెటరూ అక్కర్లేదు. ఫ్రిజ్ చల్లబడటం మానేసి ఉంటే అది వేరే విషయం. మీ ఉత్తరంలో మాత్రం అది పనిచేస్తూనే ఉంది, రంగు పోయింది, అంతే.

ముందున్న దారులు ఇవి.

రెండు నెలలు ఏమీ కొనకుండా, బాగుచేసిన పాతదానితోనే గడపడం ఒకటి. ఖర్చు లేదు, మీకు నిజంగా ఏం చూడాలనుందో మీకే తెలుస్తుంది, మీవారికి కూడా అటక ఖాళీగా కనిపిస్తుంది. నష్టం కూడా చెప్పాలి. సంసారంలో డబ్బు ఊరికే కూర్చోదు. రెండు నెలల్లో ఎవరిదో పెళ్లి, ఎవరికో ఆపరేషన్, బండికి టైర్లు, ఏదో ఒకటి వస్తుంది. ఈ దారి ఎంచుకుంటే ఆ డబ్బుని ఇవాళే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో మీ పేరున వేసేయండి. బీరువాలో మాత్రం వద్దు.

రెండోది బైనాక్యులర్. 10×50 అంటే పది రెట్లు, 50 మిల్లీమీటర్ల లెన్సులు. పిల్లలకోడి అంటామే, కృత్తికల గుంపు, అది మీ 76లో ఇమడదు, చుక్కలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి. బైనాక్యులర్‌లో గుంపంతా ఒక్కసారే కనిపిస్తుంది. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ లేచిన రోజు మీ అబ్బాయి మెళ్లో వేసుకుని తిరుగుతాడు. ఉదయగిరి దగ్గర మీ పుట్టింటికి వెళ్లేటప్పుడు హ్యాండ్‌బ్యాగులో పడేస్తే చాలు. అయితే దానిలో శని వలయం కనిపించదు, చందమామ గుంటలు బఠాణీల్లా కనిపిస్తాయి. చెయ్యి వణికితే చుక్కలూ వణుకుతాయి. మీరు చందమామకి పడ్డ మనిషి, ఇదొక్కటే అయితే మీకు ఆకలి తీరదనిపిస్తోంది.

మూడోది బల్ల మీద పెట్టుకునే డాబ్సోనియన్, 114 లేక 130 మిల్లీమీటర్లది. ట్రైపాడ్ ఉండదు. గుండ్రటి చెక్కపీట మీద గొట్టం అటూఇటూ, పైకీ కిందికీ వేలితో తోస్తే తిరుగుతుంది, వదిలితే అక్కడే ఆగుతుంది. మీ 76 కన్నా 130 దాదాపు మూడు రెట్లు వెలుగు పడుతుంది. ఒక చేత్తో మెట్లెక్కించవచ్చు. మీ చీటీలో సగానికి అటూఇటూగా అవుతుంది, మిగతాది ఫ్రిజ్ వైపు పోనివ్వండి, ఇంట్లో శాంతికీ మంచిది. దీనికి గట్టి బల్ల కావాలి, ప్లాస్టిక్ కుర్చీ మీద పెడితే మళ్లీ పాత కథే. ఈ రకంలో కొన్నింటికి గొట్టం సగం తెరిచే ఉంటుంది, వీధిలైటు లోపలికి పడుతుంది. నల్లగుడ్డతో తొడుగు వేసుకోవాలి. లోకమంతా దాన్ని డబ్బుపెట్టి కొనుక్కుంటారు. మీకైతే బక్రం వేసి కుట్టుకుంటే అరగంట పని.

నాలుగోది ఆరంగుళాల డాబ్సోనియన్, అంటే అద్దం 150 మిల్లీమీటర్ల పైచిలుకు, నేల మీద నిలబెట్టేది. చీటీ డబ్బు దాదాపు మొత్తం దీనికే పోతుంది. చూపు మాత్రం వేరే లోకం. గురుడి పట్టీలు, గుత్తుల్లో విడివిడిగా చుక్కలు, ఒరాయన్ నెబ్యులా అనే వాయుమేఘంలో మడతలు. మన తెలుగువాళ్లకి ఈ కొలతతో పాత బంధముంది. పందొమ్మిదో శతాబ్దంలో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో అంకితం వెంకట నరసింగరావు గారి సొంత అబ్జర్వేటరీలో ఆరంగుళాల టెలిస్కోప్ ఉండేది. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఆయన విశాఖలోనే చూశారు. 1892లో ఆయన పోయాక ఆ అబ్జర్వేటరీ భారం భార్య అచ్చయ్యమ్మ గారి మీద పడింది. “ఆడదానికి మేడ మీద ఏం పని” అన్నప్పుడు మీకు ఆ పేరు గుర్తుంటే చాలు, పైకి అనక్కర్లేదు.

అయితే ఆరంగుళాలదానికి బరువుంది. పీట ఒకసారి, గొట్టం ఒకసారి మోయాలి, రెండూ కలిపి పదిహేను కిలోల పైమాటే. ఇక్కడ నా సొంత తప్పు చెప్పుకోవాలి. పదేళ్ల కిందట ఒంగోల్లో మేం మూడో అంతస్తులో ఉండేవాళ్లం. నేను ఎవరి మాటా వినకుండా ఎనిమిదంగుళాలది కొన్నాను. మొదటి నెల ఆరుసార్లు పైకి మోశాను. రెండో నెల ఒకసారి. తర్వాత మా ఆవిడ దాని మీద దుప్పటి కప్పి పైన ఇస్త్రీ బట్టలు పెట్టడం మొదలుపెట్టింది. రెండేళ్లు అలాగే ఉంది. మబ్బులు లేని రాత్రులు ఎన్నో పోయాయి. మోకాళ్లు మొరాయించాయని అందరికీ చెప్పాను గానీ, అసలు కారణం మెట్లు తలుచుకుంటేనే బద్ధకం రావడం.

మీ మేడ ఫొటోలో నీళ్ల ట్యాంకు పక్కన చిన్న గది కనిపించింది. మీ అత్తగారి బియ్యం డబ్బాలున్న గది అని రాశారు. తేల్చేది ఆ గదే. అందులో రెండడుగుల చదరం ఖాళీ దొరికి, తాళం పడితే ఆరంగుళాలది కొనండి, తలుపు తీసి ఈడ్చుకుంటే చాలు. చోటు దొరక్కపోతే ఆ ఆలోచనే మానుకుని 130కి వెళ్లండి. గదిలో పెడితే తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు గొట్టంలో వేసి రెండువైపులా మూతలు పెట్టాలి. మీది సముద్రం గాలి ఊరు, అద్దానికి బూజు తొందరగా పడుతుంది. పడిన దుమ్ముని మాత్రం పమిట చెంగుతో తుడవకండి. కొద్దిగా దుమ్మున్నా చూపుకి ఏమీ కాదు, గీతలు పడితే పోవు.

ఫోన్‌తో నడిచేవి, తమంతట తామే గ్రహాన్ని వెతికిపెట్టేవి కూడా వస్తున్నాయి. మీ డబ్బులో అలాంటిది కొంటే మోటారుకే సగం పోతుంది, అద్దం చిన్నదొస్తుంది. వద్దంటాను. పొట్టి గొట్టం మీద 1000 ఫోకల్ లెంత్ అని రాసి, లావు ట్రైపాడ్‌తో అమ్మేవాటికీ దూరంగా ఉండండి. లోపల ఇంకో లెన్స్ దూర్చి ఆ అంకె తెప్పిస్తారు, బొమ్మ ఎప్పటికీ పూర్తిగా తేరుకోదు.

ఏది కొన్నా ఒక దెబ్బకి ముందే సిద్ధపడండి. పెట్టె మీద ఉన్న రంగుల బొమ్మలు గంటలకొద్దీ కెమెరా పెట్టి తీసినవి. కంటికి నెబ్యులా అంటే అద్దం మీద ఊదిన ఆవిరి మరకలా, బూడిద రంగులో ఉంటుంది. గురుడు బాగా దగ్గరకొచ్చిన నెలల్లో 35 రెట్లలో చూస్తే, మామూలు కంటికి చందమామ ఎంతుంటుందో ఇంచుమించు అంతే పెద్దగా ఉంటాడు. లెక్క అదే చెబుతుంది, కానీ చూసిన ప్రతివాడూ “ఇంత చిన్నదా” అంటాడు. శని వలయాలు 2025లో మనకి అంచు తిప్పి గీతలా అయిపోయాయి, ఇప్పుడు ఏటికేడు విచ్చుకుంటున్నాయి. తొందరేం లేదు. ఫోకస్ చక్రం కూడా మొదట్లో అందరూ అటు ఒక చుట్టు ఇటు ఒక చుట్టు తిప్పి సరైన చోటు దాటిపోతారు. సూదిలో దారం ఎక్కించే చెయ్యికి అది చెప్పనక్కర్లేదు.

ఎప్పుడు మేడెక్కాలో మీ వంటింటి గోడ మీది క్యాలెండరే చెబుతుంది. శుద్ధ చవితి నుంచి దశమి దాకా సాయంత్రాలు చందమామకి. బహుళ పంచమి దాటాక అమావాస్య దాకా చుక్కలకి. మీవారు కూడా ఇదే క్యాలెండర్ చూస్తారు కదా, అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల విడుస్తుందని గుంటల మీద లెక్క వేసుకుంటారు. తిథి సంగతి ఆయన్నే అడగండి, మాట కలుస్తుంది. మన తీరాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఆ మూడు నెలల్లో ఆశ పెట్టుకోకండి. సంక్రాంతి దాటితే ఆకాశం తేరుకుంటుంది. శ్లాబు పగటి ఎండని దాచుకుని రాత్రి ఆవిరిలా వదులుతుంది, చుక్కలు ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. మీరు మిషన్ కట్టేసి పైకి వచ్చే పదింటికి అది చాలావరకు తగ్గి ఉంటుంది, మీ వేళే మంచి వేళ.

లండన్‌లో ఉన్నవాడికి ఎంత డబ్బున్నా దొరకనిది ఒకటి మీ మేడకి దక్షిణంగా ఉంది. మే నెల నడుమ, రాత్రి పది గంటలకి దక్షిణం వైపు తిరిగి చెయ్యి చాచి, దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టండి. దాదాపు మూడో పిడికిలి దగ్గర ఒమెగా సెంటారీ ఉంటుంది. కోటి నక్షత్రాల ముద్ద. కావలిలో మసకచుక్కలా దొరుకుతుంది. అదే మీ పుట్టింట్లో, కలిగిరి, వింజమూరు దాటాక వీధిలైట్లు పలచబడ్డ చోట చూస్తే పిండి చల్లినట్టుంటుంది. వేసవి సెలవులకి ఎలాగూ వెళతారు. బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకెళ్లగలిగేది 130 వరకే. ఆరంగుళాలది కొంటే అది కావలి మేడ దాటదు. ఈ లెక్క కూడా వేసుకోండి.

ఇప్పుడు పక్కింటి సంగతి. పిల్లాడి మీద పడిన మాట కాబట్టి అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది ఇదే. ఆ పెద్దమనిషిని తప్పుపట్టకండి. ఆడపిల్లల తండ్రి, ఎదురుగా గొట్టం కనిపించింది. “ఇది ఆకాశానికే పనికొస్తుంది, ఇళ్లు కనిపించవు” అని మాత్రం అనకండి. కనిపిస్తాయి, తలకిందులుగా కనిపిస్తాయి. అబద్ధం చెప్పి దొరికిపోతే మరి నిలబడలేరు.

ట్యాంకు అవతలికి మార్చేసి, పక్కింటికి కనిపించకుండా చూసుకోవచ్చు. గొడవ ఆగుతుంది, కానీ తూర్పు ఆకాశం మీకు పోతుంది, పైగా దాక్కున్నట్టవుతుంది. ఊరుకోవచ్చు కూడా. అప్పుడు ఆ మాట పిల్లాడి వెంట బడిదాకా పోతుంది, అది నాకిష్టం లేదు. మూడోది, పిలిచి చూపించడం. డాబ్సోనియన్‌కి ఆ పేరు తెచ్చిన జాన్ డాబ్సన్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో 1944 నుంచి సన్యాసి. చేతికందిన గాజుతో అద్దాలు అరగదీసి టెలిస్కోపులు చేసి, చక్రాలు బిగించి, రాత్రిళ్లు వీధిలోకి తోసుకెళ్లి పిల్లలకీ పెద్దలకీ చూపించేవాడు. మఠంలో ఉండాల్సిన వేళ బయట తిరుగుతున్నాడని 1967లో పంపించేశారు. బయటికొచ్చాక మరుసటి ఏడాదే తోటివాళ్లతో కలిసి కాలిబాట మీద చూపించడమే పనిగా పెట్టుకున్నాడు. అలా నలుగురి మధ్య టెలిస్కోప్ పెట్టి పిలిచి చూపిస్తే ఎవరికీ అనుమానం రాదు.

ఆ ఇంటావిడ జాకెట్లు మీ దగ్గరే కుట్టించుకుంటారని రాశారు. కొలతలకి వచ్చినప్పుడు మీరే మాటెత్తండి. “రాత్రిళ్లు చూస్తున్నది మావాడు కాదండీ, నేనే” అనండి. ఇప్పటిదాకా ఈ మాట మీరెవరికీ చెప్పలేదని నాకనిపిస్తోంది. పిల్లాడు మీ బదులు మాట పడ్డాడు. శుద్ధ అష్టమి సాయంత్రం ఏడింటికి పిల్లల్ని తీసుకుని రమ్మనండి. ఒకసారి రుచి మరిగితే ప్రతి అష్టమికీ వీధి వీధంతా మీ మేడ మీదే ఉంటుంది, మీ ఏకాంతం పోతుంది. అది ఇష్టం లేకపోతే నెలకొక రోజు అని ముందే చెప్పేయండి. చీకట్లో దారి చూసుకోవడానికి టార్చికి ఎర్ర కాగితం కట్టుకోమని అందరూ చెబుతారు, కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది గనక మంచి సలహానే. కాకపోతే పక్కింటివాళ్లకి సంగతి చెప్పాకే కట్టండి. అర్ధరాత్రి మేడ మీద ఎర్ర దీపం చూస్తే ఈసారి ఇంకో రకం పుకారు పుడుతుంది.

మీ అబ్బాయి మీద ఆశ వదలకండి. అదే అష్టమికి, చంద్రయాన్-3 దిగిన శివశక్తి పాయింట్ ఎక్కడుందో వెతికిపెట్టమనండి. చంద్రుడి దక్షిణపు అంచుకి దగ్గరగా, 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది. ల్యాండర్ భూమ్మీది ఏ టెలిస్కోప్‌లోనూ కనిపించదని ముందే చెప్పండి, ఆ పక్కనున్న మాంజినస్ గుంటని పట్టుకుంటే గెలిచినట్టే. బొమ్మ తలకిందులని మర్చిపోయి వాడు ఉత్తరంవైపు వెతుకుతాడు. వెతకనివ్వండి.

అత్తగారి విషయంలో నాకు పెద్ద భయం లేదు. పిల్లలకోడి, వేగుచుక్క, అరుంధతి ఆవిడకి మీకన్నా ముందే తెలుసు. వేసవిలో సప్తర్షులు ఉత్తరాన పైకొచ్చినప్పుడు, పెళ్లిలో చూపించే ఆ అరుంధతి పక్కనున్న వసిష్ఠుణ్ణి మీ పాత 76లోనే చూపించవచ్చు. కంటికి ఒక్కటే అనుకున్న వసిష్ఠుడు అందులో రెండు చుక్కలుగా విడిపోతాడు. ఆవిడ మెట్లెక్కలేకపోతే చందమామకి మేడ అక్కర్లేదు, వాకిట్లో పెట్టండి. గొట్టం ఎత్తు ఆవిడ కుర్చీకి సరిపోయేలా చూడండి. కళ్లజోడు తీసేయమనండి, శుక్లాల ఆపరేషన్ అయిన కన్నుంటే దానితో చూడమనండి. ఫోకస్ చక్రం మీరు తిప్పకుండా ఆవిడ చేతికే ఇవ్వండి.